రెండు కాలేజీలకు ట్రేడ్ టెస్టు

1954 ఏప్రిల్‌లో నేను రాయపూర్ రైల్వే ఆసుపత్రిలో డ్రెస్సరుగా పనిచేస్తున్నాను. గాయం కడిగి, మందు రాసి, కట్టు కట్టడం డ్రెస్సరు పని. పైన మెడికల్ ఆఫీసరు, ఆయన కింద అసిస్టెంటు సర్జను, ఆ కింద కాంపౌండరు, ఆ కింద నేను. నా కింద ఆసుపత్రిలో ఉన్నది ఒక్క పిల్లి. అది కూడా నా మాట వినేది కాదు. అయినా నా పనిలో నాకు లోటు లేదు. అప్పటికి నేను కట్టిన కట్లన్నీ విప్పి పట్టాల వెంట పరుచుకుంటూ పోతే విజయనగరం దాకా సరిపోయి, తిరుగు ప్రయాణానికి కూడా కొంత గుడ్డ మిగిలేది.

ఆ నెలలోనే పై కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఫిజియోథెరపీ చదవడానికి మా ఆసుపత్రి నుంచి ఒకరిని పంపవచ్చునని దాని సారాంశం. విరిగిన ఎముకను డాక్టరు అతికిస్తాడు. అతికిన తరువాత కీలు బిగుసుకుపోతే, కండ చిక్కిపోతే, దాన్ని మళ్ళీ పనిలోకి తెచ్చే విద్య ఇది. మా ఆసుపత్రిలో ఈ విద్యకు ఉన్న సరంజామా అంతా కలిపి ఒక రబ్బరు వేడినీళ్ళ సంచి, ఒక ఆవనూనె సీసా, పక్కూరు ధర్సీవా దాకా వినిపించే నా గొంతు.

మా మెడికల్ ఆఫీసరు నాగపూర్ వైపు మరాఠీ మనిషి. ఆయన మీసం ఆయనకంటే రెండు నిమిషాలు ముందుగా గదిలోకి వచ్చేది. నన్ను పిలిచి సర్క్యులర్ చదివి వినిపించారు. ఇంటర్ సైన్సు ప్యాసయిన డ్రెస్సరు ఆసుపత్రి మొత్తానికి నేనొక్కడినే కనుక నా పేరే పంపుతున్నామన్నారు. ఎక్కడ చదవాలో మాత్రం అభ్యర్థే ఎంచుకోవాలి. ఫారంలో ఒక్క సంస్థ పేరే రాయాలి, ఒకసారి రాసి పంపితే మార్చడానికి లేదు. చదువుకునేంత కాలం నా డ్రెస్సరు ఉద్యోగం నా పేరనే ఉంటుంది. దీన్ని మా భాషలో లియన్ అంటారు. కానీ పరీక్ష తప్పినా, చదువు పనికిరానిదని తేలినా, తిరిగొచ్చి సీనియారిటీ జాబితాలో అందరికంటే అడుగున చేరాలి. రెండోసారి పంపడమనే మాట లేదు. గడువు నెల రోజులు.

ఏ సంస్థ మంచిదో తమరే సెలవివ్వండని అడిగాను. "ఈ విద్య గురించి నీకు తెలిసినదానికంటే నాకు ఎక్కువ తెలియదు. కాకపోతే ఆ తెలియనిది నేను ఇంగ్లీషులో చెప్పగలను" అన్నారాయన, హిందీలో.

రెండు చోట్ల నుంచి ప్రాస్పెక్టసులు తెప్పించాను. కలకత్తాలోని సంస్థ పంపిన పుస్తకం కాగితం ఎంత దళసరిగా ఉందంటే, దాని మీద చపాతీలు ఒత్తుకోవచ్చు. అట్ట మీద బంగారు అక్షరాలతో విశ్వవిద్యాలయం అని ఉంది. తొమ్మిది నెలల్లో డిగ్రీ. లోపలి పేజీల్లో వైర్లు, బల్బులు, మీటలు ఉన్న ఒక యంత్రం ఫోటో, దాని పక్కన కోటు తొడుక్కుని నవ్వుతున్న పెద్దమనిషి. ఆ విశ్వవిద్యాలయాన్ని ఏ ప్రభుత్వం ఏ చట్టం కింద స్థాపించిందో మాత్రం ఎక్కడా లేదు. ఆ వయసులో ఆ లోటు నాకు కనబడలేదు.

బొంబాయి నుంచి సైక్లోస్టైల్ చేసిన నాలుగు కాగితాలు వచ్చాయి. అవి కూడా వంకరగా కుట్టి ఉన్నాయి. ఒక పెద్ద ఆసుపత్రికి అనుబంధంగా కొత్తగా తెరిచిన స్కూలు. రెండేళ్ళ పైచిలుకు చదువు. శవాలను కోసి కండరాలు నేర్పుతారు, రోజూ వార్డుల్లో పని చేయిస్తారు. ఇచ్చేది డిప్లొమా. డిగ్రీ విషయం విశ్వవిద్యాలయం పరిశీలనలో ఉన్నది, దాని గురించి మేము మాట ఇవ్వలేము అని రాశారు. ఒక సంస్థ ఇంత నిజాయితీగా ఉండటం చూసి నాకు అనుమానం వేసింది.

మా కాలనీలో తెలుగు ఇళ్ళు అరవైకి మించవు గానీ అభిప్రాయాలు రెండు వందలకు తగ్గవు. శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి వచ్చి రైల్వేలో చేరినవాళ్ళ కుటుంబాలు. అక్కడ ఏది నిర్ణయం కావాలన్నా పైడిరాజు మావ క్వార్టరు ముందు మంచాలు వాల్చి తేల్చేవాళ్ళు. ఆయన రిటైరైన మెయిలు రైలు డ్రైవరు. పిల్లనిచ్చే ఊళ్ళో మెయిలు ఆగుతుందో లేదో చూశాక గానీ వరుడి ముఖం చూడనిచ్చేవాడు కాదు. సాయంత్రం ఆయన ఎదుట రెండు ప్రాస్పెక్టసులూ పెట్టాను. ఆయన వాటిని తెరవకుండా రైల్వే టైంటేబులు తెరిచాడు.

"కలకత్తాయే. మెయిలెక్కితే సీదా హవ్‌డా. మద్దెలో ఖరగ్‌పూర్. బస్, అయిపోనాది" అన్నాడు.

"బొంబాయికీ సీదాయే కదా మావా. అదే మెయిలు అటు తిరిగి వెళుతుంది."

"అటెల్తే బుసావల్ దాటినా ఒక్క తెలుగోడి మొకం కనబడదురా అల్లుడూ. ఇటెల్తే ఖరగ్‌పూర్లో టేసను కుక్కలు కూడా తెలుగులోనే మొరుగుతాయి."

మా అమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. "ఖరగ్‌పూర్లో మా అప్ప ఉంది. ఆదోరం ఆదోరం ఎల్లి కడుపు నిండా తినొచ్చు. బొంబాయిలో ఏటుంది? సముద్రం. సముద్రాన్ని తింటావేటి?" అంది.

బొంబాయి చదువు లోతైనదేమోనని నేను నసిగాను. అక్కడ డిగ్రీ లేదని, ఇక్కడ తొమ్మిది నెలలకే ఉన్నదని మావ గుర్తు చేశాడు. అంత తొందరగా డిగ్రీ ఎలా వస్తుందని అడిగితే, "తొమ్మిది నెలలకి పిల్లే పుడతాది, డిగ్రీ పుట్టదేటి?" అన్నాడు. మంచాలన్నీ కిర్రుకిర్రుమనేలా నవ్వారు. అప్పటికి మా కాలనీలో పట్టభద్రుడు ఒక్కడూ లేడు. కాలనీ కోడళ్ళు రాబోయే నా డిగ్రీకి ఏ గోడ మీద మేకు కొట్టాలో మా అమ్మతో అప్పుడే మాట్లాడుతున్నారు.

నేను ఇంకా తల ఊపకపోవడం చూసి మావకు విసుగొచ్చింది.

"అంత అనుమానముంటే ట్రేడ్ టెస్టు ఎట్టు."

"కాలేజీకా?"

"మరి? ఆళ్ళు నీకెట్టగా లేనిది, నువ్వు ఆళ్ళకెట్టకూడదేటి?"

ట్రేడ్ టెస్టంటే రైల్వే షెడ్డుల్లో పాత పద్ధతి. ఫిట్టరు పనికి వచ్చినవాడు ఎన్ని సర్టిఫికెట్లు చూపినా వాటిని పక్కన పెట్టి, చేతికి ఒక ఆకురాయి, ఒక ఇనుప ముక్క ఇస్తారు. ఇంత కొలతకు అరగదీసి చూపించమంటారు. మావ వేళాకోళానికి అన్న మాటే గానీ నాకు నచ్చింది. రెండు కాలేజీలకూ ఒకే ఇనుప ముక్క పంపాలి. ఆ ముక్క నా దగ్గర సిద్ధంగా ఉంది. అది తవిటయ్య మోకాలు.

తవిటయ్య ధమ్తరీ చిన్నలైను మీద ఫైర్‌మన్, అంటే ఇంజనులో బొగ్గు వేసేవాడు. ఆ చిన్నబండి ఎంత నిదానమంటే, ముందు పెట్టెలోంచి దిగి, సీతాఫలాలు బేరమాడి, ధర కుదరక తిరిగి ఇచ్చేసి, వెనక పెట్టె ఎక్కవచ్చు. అంతటి బండి మీద పనిచేస్తూ కూడా తవిటయ్య కిందటి డిసెంబరులో జారిపడి కుడి మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాడు. ఫిబ్రవరి ఆఖరుకు సిమెంటు కట్టు తీశాం. ఎముక అతికింది గానీ కాలు సగమే వంగుతోంది. జూన్‌లో మెడికల్ బోర్డు ముందు నిలబడాలి. ఇంజను ఎక్కలేడని బోర్డు రాస్తే గేటు కాపలాకు మార్చేస్తారు. రోజూ పొద్దున వచ్చేవాడు. మోకాలు సొరకాయలా వాచి ఉండేది. నేను వేడినీళ్ళ సంచి పెట్టి, నూనె రాసి, అరిచి, వాపు కొంత దించి పంపేవాణ్ణి. మర్నాడు మళ్ళీ సొరకాయ.

ఇదంతా ఇంగ్లీషులో రాసి పెట్టమని మా హెడ్ క్లర్కు తివారీజీని అడిగాను. "సదరు ఫైర్‌మన్ యొక్క కుడి మోకాలు పై అధికారుల ఆజ్ఞలకు లోబడుట లేదని సవినయ మనవి" అని ఆయన మొదలుపెట్టారు. ఆ ఫైర్‌మన్ తిరిగి ఇంజను ఎక్కాలంటే మీరు ఏమి చేస్తారో, మాకు ఏమి నేర్పుతారో తెలుపగలరని ముగించారు. రెండు ప్రతులు రెండు ఊళ్ళకు వెళ్ళాయి.

కలకత్తా జవాబు ఐదో రోజుకే దిగింది. మా టపా చరిత్రలో అంత వేగంగా వచ్చింది చావుకబురు కూడా లేదు. "తమ మోకాలు మా విద్యుత్ యంత్రం చేత తప్పక నయమగును. తమకు సీటు ఖాయపరచడమైనది. అంగీకారం తిరుగు టపాలో పంపగలరు" అని ఉంది. మోకాలు నాదే అనుకున్నారు. అయినా కాలనీలో పండగ చేసుకున్నారు. మావ ఫస్టు క్లాసు మార్కులు వేశాడు.

బొంబాయి నుంచి పన్నెండు రోజులు కబురు లేదు. పదమూడో రోజున చీమతల అక్షరాలతో ఒక ఉత్తరం వచ్చింది. అక్కడి ట్యూటరు, ఒకావిడ, స్వయంగా రాశారు. జవాబు లేదు. ఆరు ప్రశ్నలు ఉన్నాయి. ఇంజను మొదటి మెట్టు నేల నుంచి ఎంత ఎత్తు? చేతి పట్టు ఎక్కడ ఉంది? ఏ కాలు ముందు వేస్తాడు? రోజుకు సుమారు ఎన్నిసార్లు ఎక్కాలి? వాపు పొద్దున ఎక్కువా, సాయంత్రం ఎక్కువా? ఆఖరుది: ఎలా దిగుతాడు? ఇవి తెలియకుండా జవాబు చెప్పడం మాకు చేతకాదు, మీరు చూసి రాయండి అని కింద సంతకం.

"ఫెయిల్! పక్కా ఫెయిల్!" అన్నాడు మావ. "ఫిట్టరు చేతికి ఇనుపముక్క ఇస్తే, ఈ ఇనుము ఏ కొండలో తవ్వినార్రా అని అడిగినట్టుంది. మనం టెస్టెడితే మనకే టెస్టెడతారేటి?"

నాకూ ఒళ్ళు మండింది. కానీ ఆరింటిలో ఒక్క ప్రశ్నకూ నా దగ్గర జవాబు లేదు. రెండు నెలలుగా ఆ మోకాలిని నా సొంత మోకాలికంటే ఎక్కువసార్లు ముట్టుకున్నవాణ్ణి నేను. ఆ సంగతి మావతో అనలేదు. రాయపూర్ రైల్వేవాళ్ళకు ఇంజను మెట్టు ఎత్తు తెలియదని బొంబాయివాళ్ళు అనుకుంటారని మాత్రం అన్నాను. ఆయన మంచం మీంచి లేచి టేపు తెమ్మన్నాడు.

మర్నాడు మెయిలు వచ్చేవేళకు ఇద్దరం ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. డ్రైవరు మావ పాత శిష్యుడు, కిందికి దిగి నమస్కారం పెట్టాడు. బండి ఆగిన కాసేపటిలో ఆ మహా ఇంజనుకు, హిమాలయానికి కొలతలు తీసినంత హోదాగా, మావ టేపు పట్టాడు. ప్లాట్‌ఫారం మీంచి మెట్టు ఒక అడుగు. నేను కాగితం మీద రాసుకుని, ఆసుపత్రికి వెళ్ళి తవిటయ్యకు చూపించాను. అతను బల్ల మీంచి పడిపోయేంతగా నవ్వాడు.

"ఏటి డ్రెస్సరు బావూ, మెయిలింజను కొలిసొచ్చినావా? నాను జన్మలో దాన్ని ఎక్కినానేటి? నాది చిన్నబండి. దానికి ప్లాట్‌పారం ఎక్కడిది? కంకర మీంచి ఎక్కాల."

మా కాలనీవాళ్ళు మాత్రమే చేయగల తప్పు ఇది. ఇంజనంటే మెయిలింజనే అని పుట్టి పెరిగినవాళ్ళం. చిన్నలైనును బండి కిందే లెక్కపెట్టేవాళ్ళం కాదు. ఫైర్‌మన్ చిన్నలైనువాడని నా నోటితో నేనే వివరాలు చెప్పి కూడా, కొలవవలసి వచ్చేసరికి మెయిలు దగ్గరకు పరిగెత్తాను.

ఆదివారం తవిటయ్యను తీసుకుని చిన్నబండిలో అభన్‌పూర్ వెళ్ళాను. అక్కడ ధమ్తరీ లైను నుంచి రాజిమ్ కొమ్మ విడిపోతుంది కనుక ఇంజను నీళ్ళు పట్టుకుంటూ చాలాసేపు నిలబడుతుంది. మొదటి మెట్టు కంకర మీంచి ఇరవై ఒక్క అంగుళాలు. చేతి పట్టు ఎడమవైపు. ఎక్కి చూపించమన్నాను. తవిటయ్య అలవాటు కొద్దీ కుడికాలే, విరిగిన కాలే, ముందు వేశాడు. పళ్ళు బిగబట్టి, మూలిగి, ఎక్కాడు. రోజుకు ఎన్నిసార్లు ఎక్కాలో, వాపు ఎప్పుడు ఎక్కువో దారిలోనే అడిగి రాసుకున్నాను కనుక ఐదు ప్రశ్నలు పూర్తయ్యాయి. ఇక దిగమన్నాను.

"దిగడవేటి బావూ, దూకీడమే" అని రెండు కాళ్ళ మీదా ధబీమని కంకర మీదికి దూకాడు. దూకి, ముఖం అటు తిప్పుకున్నాడు.

"ఇలా ఎన్నాళ్ళుగా దూకుతున్నావు?"

నేలచూపులు చూస్తూ చెప్పాడు. "కట్టు తీసినకాణ్ణించీ. రోజూ సాయంత్రం మనూరి షెడ్డుకెల్లి పదిసార్లు ఎక్కి దూకుతన్నాను. కాలు పని మరిసిపోతే బోర్డోళ్ళు నన్ను గేటు కాడ కూకోబెట్టీరా? నీకు సెప్తే వద్దంటావని సెప్పనేదు."

పొద్దున నేను దించిన వాపును సాయంత్రం అతను ఎక్కించుకునేవాడు. ఇద్దరం చెరోవైపు నుంచి అరవై రోజులు నిష్ఠగా పనిచేశాం. ఒకరి పని ఒకరికి తెలియకుండా ఇంత క్రమశిక్షణతో ప్రభుత్వ శాఖలు కూడా పనిచేయవు. ఎలా దిగుతాడు అని వెయ్యి కిలోమీటర్ల అవతల, అతని ముఖం ఎరుగని ఒకావిడ అడిగింది. రోజూ ముఖం చూసే నేను అడగలేదు.

ఆ సాయంత్రమే ఆరు జవాబులూ రాసి బొంబాయికి పోస్టు చేశాను. తవిటయ్యతో దూకడం మాన్పించాను. ఫారం వెళ్ళవలసింది మంగళవారం. సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్ళేసరికి ఫారం అప్పటికే టైపయి ఉంది. సంస్థ పేరు దగ్గర కలకత్తా. కాలనీ తీర్మానం నాకంటే ముందే తివారీజీకి చేరింది.

బొంబాయి అని మార్చమన్నాను. తివారీజీ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "అరే భయ్యా, పాగల్ హో గయే క్యా, పిచ్చి పట్టిందా? తొమ్మిది నెలల్లో డిగ్రీ వదిలేసి, రెండేళ్ళకు డిప్లొమాకు పోతావా? అక్కడ ఫెయిలైతే నీ పేరు జాబితాలో ఎక్కడుంటుందో తెలుసా? నిన్నగాక మొన్న చేరినవాడి కింద!" అన్నారు. ఫారం మార్చాలంటే సాహెబు దగ్గరకు వెళ్ళవలసిందేనని, తన చేత్తో ఈ పాపం చేయనని కూడా అన్నారు.

మెడికల్ ఆఫీసరుగారు కారణం అడిగారు. నేను వాదించలేదు. రెండు ఉత్తరాలు, నా ఆరు జవాబుల నకలు బల్ల మీద పెట్టాను. ఆయన కలకత్తా ఉత్తరం ఒక్క చూపులో ముగించారు. బొంబాయి ఉత్తరం రెండుసార్లు చదివారు. నా జవాబుల్లో ఆరోదాని దగ్గర మీసం కదలడం ఆగింది.

"ఇతను నా రోగి కూడా. నేనూ అడగలేదు" అన్నారు మరాఠీలో, తనలో తాను. ఆ తరువాత అధికారి గొంతుతో, తప్పితే అడుగుకు పోతావు, సిఫారసు చేయడానికి కూడా నాకు అధికారం ఉండదు, ఆలోచించుకున్నావా అని అడిగారు. ఆలోచించుకున్నానన్నాను. ఆయన కలకత్తాను ఎర్రసిరాతో కొట్టివేసి, పక్కన బొంబాయి అని రాసి, పొట్టి సంతకం చేశారు. పరీక్ష తప్పితే వచ్చే ఫలితానికి నేనే బాధ్యుడినని మరో కాగితం మీద నా చేత సంతకం చేయించారు.

మా అమ్మ రెండు రోజులు నాకు అన్నం వడ్డించింది గానీ మాట వడ్డించలేదు. మావ మాత్రం, "ఫెయిలైనోళ్ళ దగ్గిర సదూతాడట, సూడండి నా అల్లుడు" అని కాలనీ అంతా చాటింపు వేశాడు. కానీ నేను బయల్దేరిన రోజున మెయిలు డ్రైవరు దగ్గరకు వెళ్ళి, మూడో పెట్టెలో తన మేనల్లుడు ఉన్నాడని, దుర్గ్ దాటేదాకా కుదుపు తగలకూడదని హెచ్చరించింది ఆయనే.

అంతకుముందే ట్యూటరమ్మ రెండో ఉత్తరం వచ్చింది. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతిన్న కాలు ముందు, ముఖం ఇంజను వైపు, చెయ్యి పట్టు మీద. వాపు తగ్గాక తక్కువ ఎత్తు పీట మీద మొదలుపెట్టి వారానికి కొంచెం పెంచాలి. వాచిన మోకాలికి వేడి పెట్టడం ఆపాలి అని కూడా ఉంది. ఆ వాక్యం చదివి నేను వేడినీళ్ళ సంచిని బీరువాలో పెట్టి తాళం వేశాను. జూన్‌లో తవిటయ్య బోర్డు వారి ఎదుట ఇంజను ఎక్కి, దిగి, అడగకుండానే మళ్ళీ ఎక్కాడు. పాత ఉద్యోగానికే యోగ్యుడని రాశారు.

నేను పరీక్ష తప్పలేదు. మొదటి ఏడాది శరీర నిర్మాణ శాస్త్రంలో గట్టెక్కిన మార్కులు మా కాలనీలో బయటపెట్టదగినవి కావు గానీ, గట్టెక్కాను. తిరిగొచ్చి మా ఆసుపత్రిలో మొట్టమొదటి ఫిజియోథెరపిస్టుగా చేరాను. ఆ మాట రాసిన చెక్కపలకను మొదటి నెలలో రోజుకు నాలుగుసార్లు నేనే తుడిచేవాణ్ణి. వేరొక ఆసుపత్రి నుంచి కలకత్తా వెళ్ళిన డ్రెస్సరు ఒకతను తొమ్మిది నెలలకు బంగారు అక్షరాల డిగ్రీతోనే వచ్చాడు. పై కార్యాలయం దాన్ని గుర్తించలేదు. అతను మళ్ళీ కట్లు కట్టాడు. చాలా మంచి కట్లు కట్టాడు.

ఈ ఘటన వల్ల రెండు సంగతులు తెలిశాయి. వైద్యం నేర్పే చోటును ఎంచుకునేటప్పుడు అది ఏమి ఇస్తానంటుందో చూస్తే చాలదు, రోగి గురించి ఏమి తెలుసుకోవాలనుకుంటుందో చూడాలి. రెండోది, రోగి చేసే పనిని అతను చేసేచోటే చూడాలి. సర్వీసులో ఉన్నంతకాలం గ్యాంగ్‌మన్ నడుము చూడటానికి పట్టాల మీదికి, టైపిస్టు మణికట్టు చూడటానికి ఆఫీసుకు వెళ్ళాను. వెళ్ళడం వీలుకాని రోజున చికిత్సను ఒకరోజు వెనక్కి జరిపాను గానీ ఊహించి మొదలుపెట్టలేదు.